కట్ట కింది వీధిలో ఊటమ్మ

ఆ వీధిలో నిలబడి తలెత్తితే ముందు ఇళ్ల కప్పులు, వాటి పైన గడ్డి పట్టిన మట్టికట్ట, ఆ కట్ట మీదుగా పోతున్న పడవలు కనిపించేవి. కొత్తగా వచ్చినవాళ్లు నెత్తి మీద పడవలు నడవడమేమిటని నోళ్లు తెరుచుకుని చూసేవారు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు అందులో వింతేమీ లేదు. బొగ్గు పడవ వస్తుంటే ఆరేసిన బట్టలు లోపలికి తీసుకునేవారు, అంతే. పైన అన్ని నీళ్లున్నాయన్న సంగతి ఒక్క పూట కూడా మరిచిపోలేని మనిషి ఆ వీధి మొత్తానికి ఒక్కతే. ఆమెను అందరూ ఊటమ్మ అనేవారు.

కాలువను ఒక కంపెనీ తవ్వించింది. అంతకుముందు గనుల నుంచి రేవుకు బొగ్గు బండ్ల మీద పోయేది. వానాకాలంలో ఆ బండ్లు ఇరుసుల దాకా కూరుకుపోయి వారాల తరబడి దారిలోనే ఉండిపోయేవి. పడవకు తాడు కట్టి గట్టున ఒక్క గుర్రాన్ని నడిపిస్తే ముప్పై బండ్ల బరువు ఒక్కరోజులో రేవు చేరుతుందని ఎవరో చెప్పగా, నలుగురు షావుకార్లు కూడి కంపెనీ పెట్టి ఆరేళ్లు తవ్వించారు. తీరా ఊరి దగ్గరికి వచ్చేసరికి నేల ఒక్కసారిగా పల్లమైంది. అక్కడ రెండు మైళ్ల పొడవునా మట్టి పోసి, కట్ట లేపి, దాని మీదుగా కాలువను నడిపించారు. కట్టకు ఎగువ చివర కాలువ రెండు రాతిగోడల మధ్య సన్నబడుతుంది. దిగువ చివర లాకు. ఆ కట్ట నీడలోనే తాళ్లు పేనేవాళ్ల పాకలు, ఇటుక బట్టీలు, వాటి మధ్య ఆ వీధి పుట్టుకొచ్చాయి.

ఊటమ్మ తల్లి ఆ కట్టకు బంకమట్టి తొక్కిన కూలీల్లో ఒకతె. ఉత్త మట్టికట్టలో నీళ్లు నిలవవు. అందుకని కట్ట నడుమ బంకమట్టిని గోడలాగా కూరేవారు. ఆ మట్టిని తడిపి, ఆడవాళ్లు వరసగా నిలబడి, పిక్కల దాకా దిగబడుతూ గంటల తరబడి తొక్కాలి. ఒక్కచోట సరిగా తొక్కకపోయినా నీళ్లు అక్కడే దారి వెతుక్కుంటాయి. మడమతో తొక్కండి, వేళ్లతో కాదని మేస్త్రీ అరుస్తూనే ఉండేవాడట. ముసలితనంలో కూడా ఆ తల్లి ఇంట్లో నేల మీద మడమలు దబదబా వేసుకుంటూ నడిచేది.

పిల్లకు ఎనిమిదో ఏడు వచ్చేసరికి కాలువలోకి నీళ్లు వదిలారు. వదిలిన మూడో నెలలో ఎగువ మలుపు దగ్గర మొదటి గండి పడింది. ఆ పూట పిల్ల తల్లికి అన్నం తీసుకుపోతూ కట్ట మీద ఉంది. ముందు నీళ్లలో కంచమంత సుడి కనిపించింది. చూస్తుండగానే చాటంత అయింది. రేవు వైపు పోతున్న పడవ ఆగి, నెమ్మదిగా వెనక్కి నడవసాగింది. గుర్రం కాళ్లు తన్నిపట్టి నిలబడ్డా తాడు దాన్ని పక్కకు ఈడ్చేసింది. తోలేవాడు కత్తి తీసి తాడు తెగ్గోశాడు. అప్పుడు చప్పుడు వచ్చింది. అది నీళ్ల చప్పుడులా లేదని, నేల లోపల ఎవరో బండరాళ్లు దొర్లిస్తున్నట్టుందని ఆమె పెద్దయ్యాక చెప్పేది. కట్ట కింద మట్టిగుంటలో పని చేస్తున్న పదకొండుమందిలో ఏడుగురు దొరకనే లేదు. గుండెల దాకా బురదలో కూరుకుపోయిన తల్లిని తవ్వి తీశారు.

కోలుకున్నాక తల్లి ఆ సంగతి గురించి ఒక్కసారే మాట్లాడింది. "ఊట తేటగా వస్తే భయం లేదు, కట్టకు చెమట పోస్తోందనుకో. బురదగా వచ్చిందంటే లోపలి మట్టిని మోసుకొస్తోందన్నమాట. అప్పుడిక ఆలోచించకు, పరుగెత్తు."

అలాంటి పిల్ల పెద్దయి కట్ట కావలివాడినే పెళ్లి చేసుకుంటే అందరూ నవ్వుకున్నారు. కంపెనీ అతనికి వీధి చివర రెండు గదుల ఇల్లిచ్చింది. వెనక గదికి మూడే గోడలు, నాలుగోది కట్టకు పోసిన రాతికట్టడం. కొత్త కోడలు ఆ రాళ్లకు చెవి ఆనించి వినేది. చెమ్మ తగిలితే వేలితో తుడిచి దీపం దగ్గర చూసుకునేది. భర్త సరదా మనిషి. "నువ్వు నన్ను కట్టుకోలేదే, కట్టను కట్టుకున్నావు" అని ఏడిపించేవాడు. ఆమె కూడా నవ్వేది. కానీ కూతురు పుట్టాక పిల్లను ఎప్పుడూ తలుపు వైపు పడుకోబెట్టి తను రాళ్ల వైపు పడుకునేది.

కూతురికి పదేళ్లప్పుడు పడవ తాడొకటి పట్టు తప్పి ఎగిరి అతని మోకాలికి చుట్టుకుంది. తాడుకు అటు గుర్రం, ఇటు బొగ్గు పడవ. ఎముక నుజ్జయింది. కర్ర లేనిదే అడుగు పడదు, కట్ట ఎక్కడం మాట దేవుడెరుగు. కావలి పని పోతే ఇల్లూ పోతుంది. కాళ్లావేళ్లా పడితే కంపెనీ ఓవర్సీరు, లెక్కల్లో పేరు భర్తదే ఉంచి, నడక మాత్రం ఆమెను నడవమన్నాడు. అలా నీళ్లంటే వణికే మనిషి పదకొండేళ్ల పాటు రోజూ నీళ్ల పక్కన నాలుగు మైళ్లు నడిచింది.

చేతిలో ఇనప పొన్ను వేసిన కర్ర, నడుముకు గుడ్డపీలికల మూట. పీతల బొక్క కనిపిస్తే కర్ర దించి లోతు చూసి, మట్టి కూరి, పక్కన పుల్ల పాతి పీలిక కట్టేది. ఎండాకాలంలో గడ్డి ఒక్కచోట మాత్రం పచ్చగా ఉంటే మోకాళ్ల మీద కూచుని అరచేయి ఆనించి చూసేది. ఏడాది తిరక్కుండానే కట్ట పొడవునా పీలికలు ఎగరసాగాయి. "కట్టకు బట్టలు కుట్టిస్తున్నావా చెల్లెమ్మా" అని తాళ్లు పేనే ముసలాయన పాకలోంచి కేకేసేవాడు. ఊటమ్మ అన్న పేరు పెట్టిందీ ఆయనే. తరువాత ఆయన కొడుక్కే ఆమె కూతుర్ని ఇచ్చారు. వియ్యంకుడయ్యాక వేళాకోళం రెట్టింపైంది.

నవ్వడానికి వాళ్లకు కారణం లేకపోలేదు. ఊట, ఊట అని ఆమె మూడుసార్లు పరుగెత్తింది. మొదటిసారి చూస్తే అది బట్టీవాళ్ల తొట్టికి పడిన చిల్లి. రెండోసారి నిజంగానే బుంగ పడింది గానీ గంటలో పూడ్చేశారు కాబట్టి ఎవరికీ గుర్తు లేదు. మూడోసారి ఆమె మాట మీద ఓవర్సీరు ఎగువ రాతిగోడల మధ్య అడ్డుపలకలు దించి నీళ్లు తీయించాడు. పగలంతా యాభై పడవలు ఆగిపోయాయి. తవ్వి చూస్తే లోపల పొడి మట్టి. పడవలవాళ్లు మొహం మీదే తిట్టిపోశారు. ఓవర్సీరు తిట్టలేదు. "చూడమ్మా, ఇంకొక్కసారి నీ మాట మీద కాలువ ఆగితే మీకిక్కడ చోటుండదు. నాక్కూడా ఉండదు" అన్నాడు. ఆ ఆఖరి మాటవల్ల ఆమె అతన్ని తప్పుపట్టలేకపోయింది. కట్ట తెగుతుందన్న భయం ఒక్కటే ఇన్నాళ్లూ. ఇప్పుడు తెగుతుందని చెప్పాక తెగకపోతే ఎలా అన్న భయం కూడా వచ్చి పక్కన కూచుంది.

ఆ తరువాతి ఏడు అవతలి దిబ్బల మీద రైలు పట్టాలు వేయడం మొదలైంది. కంపెనీకి కంగారు పుట్టింది. పడవల్లో ఎక్కువ బొగ్గు వేయమన్నారు. బరువెక్కిన పడవలకు అడుగు తగలకుండా, మిగులు నీళ్లు పొర్లిపోయే గోడ మీద ఒక పలక బిగించి నీటిమట్టం పెంచారు. జానెడేగా అన్నారు అందరూ. ఊటమ్మకు అన్నం సయించలేదు. రెండు మైళ్ల పొడవునా ఆ జానెడు నీళ్లు తన ఇంటి మీద, కూతురి ఇంటి మీద ఎక్కి కూచున్నట్టే అనిపించింది.

కట్ట అడుగు నుంచి ఒక వాగు అడ్డంగా పోతుంది. దానికోసం రాతి తూము కట్టారు. రాయి పక్కన మట్టి ఎంత కూరినా అతుక్కోదని తల్లి చెప్పేది. అందుకే ఆమె అన్నిటికన్నా ఎక్కువగా భయపడే చోటు అది. నీళ్లు పెంచిన తొమ్మిదో రోజున, ఆ తూముకు నాలుగడుగుల పక్కన, వియ్యంకుడి తాళ్లపాక వెనక ఊట కనిపించింది. వేలు లావున, తేటగా ఉంది. ఆమె ఒక గాజుసీసా తెచ్చుకుని రోజూ పొద్దున్నే ఆ నీళ్లు పట్టి, వెలుతురుకు ఎత్తి చూసి పారబోసేది. పదిహేను రోజులు తేటగానే వచ్చాయి. పదహారో రోజు సీసా ఎత్తితే వెలుతురు ఇవతలికి రాలేదు.

ఆమె సీసా మూతికి గుడ్డ కుక్కి, లాకు పక్కనున్న ఓవర్సీరు గదికి పరుగెత్తింది. అతను బల్ల మీద సీసా పెట్టి చూశాడు. నీళ్లు తేరుకుని అడుగున వేలెడు మట్టి పేరుకుంది.

"పట్టేటప్పుడు చెయ్యి అడుక్కి తగిలి బురద కలిసుంటుంది."

"పదిహేను రోజులూ ఇదే చెయ్యయ్యా."

అతను చెడ్డవాడు కాదు. లేచి ఆమె వెంట వచ్చాడు. వాళ్లు వచ్చేసరికి ఊట మళ్లీ తేటగా పారుతోంది. గొంతుక్కూచుని దోసిట్లో పట్టి చాలాసేపు చూశాడు.

"తేటగానే ఉంది కదమ్మా."

"ఇందాక లేదయ్యా."

"సాయంత్రం కంపెనీ పెద్దలు పడవలో వస్తున్నారు. ఇవాళ కాలువ ఆపితే నా మాట ఎవరు వింటారు? రేపు పొద్దున్నే తవ్వించి చూద్దాం." ఆమె మొహంలోకి చూడకుండానే వెళ్లిపోయాడు.

ఆమె అక్కడే నిలబడింది. నిజంగానే చెయ్యి అడుక్కి తగిలిందేమో. కళ్లు మోసం చేశాయేమో. అలా అనుకుంటూ ఉండగానే ఊట సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది. పారే ఊట దానంతటది ఆగిపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. లోపల ఏదో కూలి దారికి అడ్డం పడి ఉంటుంది. అంటే లోపల కూలేంత ఖాళీ ఉంది.

పాకలోకి వెళ్లింది. కూతురు ఒళ్లో పాపను పెట్టుకుని ఉంది. ముసలాయన చక్రం తిప్పుతూ తాడు పేనుతున్నాడు. అల్లుడు తాళ్ల కట్టలు తీసుకుని రేవుకు వెళ్లి రెండు రోజులైంది.

"పాపను తీసుకుని బట్టీ దిబ్బ ఎక్కు. ఇప్పుడే."

"అమ్మా, పోయినసారి కూడా ఇలాగే సామాను మోసుకుపోయాం. వీధంతా నవ్వింది."

"నవ్వనీ."

"దీనికి ఒళ్లు వెచ్చగా ఉంది. ఈ ఎండలో దిబ్బ మీద కూచోమంటావా?"

ముసలాయన చక్రం ఆపలేదు. "చెల్లెమ్మా, ఊట వస్తే భయమంటావు, రాకపోతే భయమంటావు. ఎంత లావు ఊట కావాలో చెప్పు, పేనిచ్చేస్తా."

ఆమె బయటికి వచ్చింది. గడ్డి పట్టుకుని కట్ట ఎక్కింది. తూముకు సరిగ్గా పైన, అవతలి గట్టు దగ్గర, నీళ్ల మీద గడ్డిపరకలు గుండ్రంగా తిరుగుతున్నాయి. కంచమంత సుడి.

జారుతూ దిగి ఇంటికి పరుగెత్తింది. భర్త గుమ్మంలో కూచుని బుట్టకు పిడి అల్లుతున్నాడు. ఆమె చెప్పింది విని, "ఎంత?" అన్నాడు.

"కంచమంత."

అతను ఈసారి నవ్వలేదు. "పలకలు ఎవరు దించుతారు?"

"నేనే దించుతా. అడిగితే రేపంటాడు."

"అయితే వాగులోకి నీళ్లు వదిలే తలుపు నేను తీస్తా."

"కట్ట ఎక్కలేవయ్యా."

"ఎక్కలేనని పదకొండేళ్లుగా ఇద్దరం అనుకుంటున్నాం. చూద్దాం."

ఆ తలుపు తూముకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆమె వద్దనలేదు. వద్దనకపోవడం తరువాత ఎన్నో ఏళ్లు ఆమెను పీడించింది.

ఎగువ రాతిగోడలు అరమైలు దూరం. వాటి పక్క కొట్టంలో పది అడ్డుపలకలు ఉంటాయి. ఒక్కోదాన్ని ఇద్దరు ఎత్తి రాతిగాడిలో దించాలి. ఆమె తలుపు లాగి మొదటి పలక ఈడ్చేసరికి ఎగువ నుంచి బొగ్గు పడవ వచ్చేసింది. గుర్రం దగ్గర మగమనిషి, చుక్కాని దగ్గర అతని భార్య.

"తప్పుకోవమ్మా, పడవ వస్తోంది కనబడట్లేదా?" అని పడవామె అరిచింది.

"ఆపండి. పలకలు దించాలి."

"నువ్వు ఊటమ్మవు కదూ? మళ్లీనా? పోయినసారి నీవల్ల రోజంతా ఎండలో మాడాం."

"మాడారు. కావాలంటే నన్ను కొట్టు. కొట్టి, ఈ రెండో కొస పట్టుకో."

పడవామె ఏదో అనబోయి ఆగింది. మొగుడు గుర్రాన్ని నిలిపేశాడు, తాడు వదులైంది, అయినా పడవ ఆగడం లేదు. ఎవరో కింద నుంచి లాగుతున్నట్టు నెమ్మదిగా ముందుకు పోతోంది. పుట్టినప్పటి నుంచి నీళ్ల మీదే బతికిన మనిషికి అదేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. "కట్టెయ్, పడవ కట్టెయ్" అని మొగుడికి చెప్పి గట్టు మీదికి దూకింది. "ఏ కొస?" అంది.

అయిదో పలక దిగేటప్పుడు ఊటమ్మ తలెత్తి చూసింది. దూరాన కట్ట వాలులో ఒక మనిషి చేతుల మీద పాకుతూ, ఒక కాలు ఈడ్చుకుంటూ పైకి ఎక్కుతున్నాడు. వీధిలోవాళ్లు కూడా చూశారు. ఆమె చెబితే కదలని కూతురు, తండ్రి అలా పాకడం చూసి పాపను భుజాన వేసుకుని బయటికి వచ్చింది. ఆమె వెనక పక్కింటివాళ్లు, వాళ్ల వెనక మిగతావాళ్లు. అందరూ దిబ్బ వైపు గబగబా నడిచారు.

పదో పలక దిగింది. ఎగువనున్న తొమ్మిది మైళ్ల నీళ్లు వెనక ఆగిపోయాయి. దిగువన మట్టం తగ్గుతూ గట్టు మీద తడి చార కనిపించసాగింది. తలుపు తీశాడు, బతికున్నాడు అనుకుంది. అప్పుడు ఆ చప్పుడు విన్నది. నేల లోపల బండరాళ్లు దొర్లినట్టు.

తూము మీది కట్ట, పైన గడ్డి గడ్డిలాగే ఉండి, అలిసిన ఎద్దులా కూలబడింది. ముందు దుమ్ము లేచింది. దుమ్ములోంచి నీళ్లు దూకాయి. భర్త కనిపించలేదు. ఆమె పరుగెత్తింది. ఆ అరమైలులో తను ఏమనుకుందో ఎవరు అడిగినా చెప్పలేదు. దగ్గరికి పోయేసరికి అతను తలుపు ఇనపస్తంభాన్ని రెండు చేతులా కౌగిలించుకుని కూచుని ఉన్నాడు. అతనికి నాలుగు బారల అవతల కట్ట లేదు.

"కర్ర పోయిందే" అన్నాడు.

ఆమె అతని చెంప మీద ఒక్కటి వేసి, పక్కనే కూలబడి, చొక్కా పట్టుకుని వదల్లేదు.

వీధిలోకి నీళ్లు గుండెల లోతున వచ్చాయి. పలకలు పడకపోయి ఉంటే కప్పులు దాటేవని తరువాత అందరూ ఒప్పుకున్నారు. పాక గోడలు పడిపోయాయి, బట్టీలు చల్లారిపోయాయి, వీధంతా మోకాళ్ల లోతు బురద. దిబ్బ మీద మనుషుల్ని లెక్కపెట్టుకుంటే ఒక్కరు తక్కువ వచ్చారు. తాళ్లు పేనే ముసలాయన అందరితో పాటు దిబ్బ దాకా వచ్చి, నలభై ఏళ్లుగా తిప్పిన చక్రం కోసం వెనక్కి వెళ్లాడు. మర్నాడు మధ్యాహ్నం దొరికాడు.

కంపెనీ విచారణ జరిపింది. నీళ్లు ఒక్కపెట్టున తీసేయడంవల్ల తడి కట్ట జారిందని, అడగకుండా పలకలు దించడమే గండికి కారణమని ఒక పెద్ద ఇంజనీరు రాశాడు. అలా కూడా జరుగుతుందని చదివినవాళ్లు అన్నారు. ఓవర్సీరు నోరు మెదపలేదు. భర్త పేరు కొట్టేశారు, ఇల్లు ఖాళీ చేయించారు. దానికి ఊటమ్మ బాధపడలేదు. కానీ ఆ రాత ఆమె గుండెల్లో గుచ్చుకుంది. నిజంగా తన వల్లే తెగిందా? రేపటిదాకా ఆగి ఉంటే ముసలాయన బతికేవాడా? కూతురి మొహంలోకి చూడాలన్నా భయపడేది. కూతురే ఒకరోజు అడిగేసింది. "అమ్మా, మా మామగారిని నువ్వు చంపావని నేననుకుంటున్నాననుకుంటున్నావా?" ఆమె తల దించుకుంది. "నాకే తెలీదే" అంది.

గండి పూడ్చడానికి వచ్చిన కూలీలు తూము పక్క మట్టి తవ్వుతూ ఒక సాయంత్రం ఆమెను పిలిపించారు. రాతిని ఆనుకుని, నిలబడి ఉన్న కట్టలో ఇంకా లోపలికి, మనిషి పాకగలిగినంత సొరంగం. గోడలు నున్నగా అరిగి ఉన్నాయి. ఒక్క పూటలోనో ఒక్క రోజులోనో అరిగినది కాదు, ఏళ్ల పని. ఆమె భుజం దాకా చెయ్యి పెట్టింది, అవతల ఏమీ తగల్లేదు. గబుక్కున చెయ్యి లాగేసుకుంది. తరువాత వచ్చి దాన్ని చూసిన ఆ పెద్ద ఇంజనీరు తన రాతను మార్చలేదు. కూతురు మాత్రం పాపను ఎత్తుకుని వచ్చి, ఆ సొరంగంలోకి తొంగి చూసి, తల్లి చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకుపోయింది.

కాలువ ఇంకో పదిహేనేళ్లు నడిచింది, రోజురోజుకూ పలచబడుతూ. రైలు బొగ్గు మొత్తం పట్టుకుపోయింది. పడవామె ఎప్పుడు ఆ దారిన వచ్చినా కట్ట మీద నుంచే పలకరించేది. భర్త పోయాడు. ఊటమ్మ కూతురి దగ్గరే ఉండి, జీతం లేకపోయినా, ఎవరూ చెప్పకపోయినా, పొద్దున్నే లేచి కట్ట మీద నడిచి వచ్చేది. గోడలో చెమ్మ కనిపించినా, నేల బీట వేసినా వీధివాళ్లు ఆమెనే పిలిచేవారు. ఇప్పుడు ఎవరూ నవ్వేవారు కాదు, కానీ ఊటమ్మ అన్న పేరు మాత్రం పోలేదు.

ఆమెకు డెబ్బై దాటాక కాలువను ఎండగట్టి, కట్ట చదును చేసి రోడ్డు వేశారు. ఆఖరి నీళ్లు పోయిన రోజు ఆమె ఎండలో కుర్చీ వేయించుకుని, అడుగు బయటపడేదాకా కూచుంది. ఇంటికి వచ్చి స్నానం చేసి పడుకుంది. మర్నాడు సూర్యుడు నడినెత్తికి వస్తున్నా లేవలేదు. పుట్టి బుద్ధెరిగాక తల్లి అంత పొద్దెక్కేదాకా పడుకోవడం చూడని కూతురికి పై ప్రాణాలు పైనే పోయాయి. మెల్లగా వెళ్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

"పడుకోనివ్వవే" అని ఊటమ్మ అటు తిరిగి పడుకుంది.